బోర్డు మీద ‘కొరియన్ అక్యుపంక్చర్’ అని ఉందా? సాఅమ్ నాలుగు సూదుల పద్ధతి ఎప్పుడు వాడతారు, ఎలా వాడతారు

బోరబండ: ఎంఎంటీఎస్‌లో బోరబండ తర్వాతి స్టేషన్ హైటెక్ సిటీ. పట్టాల అవతల రోజుకు పది గంటలు కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లు, ఇవతల క్యాబ్ నడిపేవాళ్లు, కుట్టుమిషన్ మీద వంగి పనిచేసేవాళ్లు, ఆఫీసుల్లో హౌస్‌కీపింగ్ చేసే ఆడవాళ్లు. పనులు వేరైనా నొప్పులు దాదాపు ఒకటే: మెడ, భుజం, నడుము, నిద్ర పట్టకపోవడం. మాత్రలతో విసిగినవాళ్లు హిజామా వైపు, అక్యుపంక్చర్ వైపు చూస్తున్నారు. అలా చూసేటప్పుడు ‘కొరియన్ పద్ధతి’ అనే మాట కూడా చెవిన పడుతుంది.

ఆ మాట వెనక ఉన్నది ఒక్క పద్ధతి కాదు, కనీసం మూడు. వాటిలో పాతది, సూదులు వేసే వైద్యులు ప్రత్యేకంగా నేర్చుకునేది ‘సాఅమ్’ పద్ధతి. దీన్నే నాలుగు సూదుల పద్ధతి అంటారు. అది ఏమిటి, ఏ సమస్యలకు వాడతారు, ఎవరు దూరంగా ఉండాలి, డబ్బు కట్టే ముందు ఏం అడగాలి అనే వివరాలు ఇవి.

ముందు మూడు పేర్లు విడదీసి చూద్దాం

సాఅమ్: చేతుల్లో మోచేతి నుంచి కిందికి, కాళ్లలో మోకాలి నుంచి కిందికి ఉన్న బిందువుల్లో మాత్రమే సూదులు వేసే పద్ధతి. మామూలుగా ఒక విడతకు నాలుగు సూదులు. 17వ శతాబ్దం నాటిదని చెబుతారు.

కొర్యో హస్త చికిత్స: 1970ల మొదట్లో యూ తే-వూ అనే కొరియన్ రూపొందించాడు. శరీరం మొత్తం అరచేతిలో, చేతి వెనక భాగంలో ప్రతిబింబిస్తుందని దీని భావన. మధ్యవేలి కొన తల, అరచేయి కడుపు వైపు, చేతి వెనక భాగం వీపు వైపు. మిల్లీమీటరు లోతుకు దిగే చిన్న సూదులు, అంటించే లోహపు గుళికలు, మోక్సా అనే ఎండుటాకుతో కాపడం వాడతారు.

సుజోక్: పార్క్ జే-వూ అనే మరో కొరియన్ 1980లలో ప్రచారంలోకి తెచ్చాడు. ‘సు’ అంటే చేయి, ‘జోక్’ అంటే కాలు. ఇక్కడ తల ఉండేది బొటనవేలిలో, మధ్యవేలిలో కాదు. చూపుడువేలు, చిటికెనవేలు చేతులు. మధ్యవేలు, ఉంగరపువేలు కాళ్లు. మన దేశంలో ఎక్కువగా కనిపించే కొరియన్ పేరు ఇదే. వేళ్లకు తొడిగి రుద్దే స్ప్రింగు ఉంగరం, చేతికి ప్లాస్టర్‌తో అంటించే మెంతులు, మిరియాలు, బఠానీలు చాలా ఇళ్లకు వచ్చేశాయి.

కొర్యో, సుజోక్ రెండూ చేతినే చూస్తాయి, కానీ తల ఎక్కడుందన్న దగ్గరే వాటికి పొత్తు కుదరదు. అందుకే ‘కొరియన్ చికిత్స చేస్తాం’ అని ఎవరైనా అంటే, ఏ కొరియన్ అని అడగడం మొదటి పని. మిగతా వ్యాసం ప్రధానంగా సాఅమ్ గురించే.

గుహలోని సన్యాసి

సాఅమ్ అనేది అసలు పేరు కాదు. రాతిలో నివాసం ఉన్నవాడు అనే అర్థం వచ్చే మారుపేరు. కొరియాలో జోసన్ రాజుల కాలంలో, 17వ శతాబ్దంలో, ఒక బౌద్ధ సన్యాసి కొండ గుహలో చాలా ఏళ్లు సాధన చేసి ఈ పద్ధతి రాశాడని సంప్రదాయం చెబుతుంది. అతని సొంత పేరు నిలవలేదు, పుస్తకం మాత్రం చేతిరాత ప్రతులుగా నిలిచింది.

అదే శతాబ్దంలో, 1613లో, హొ జున్ అనే రాజవైద్యుడి ‘తోంగుయ్ పొగామ్’ అచ్చయింది. కొరియా వైద్యానికి అది పెద్ద గ్రంథం. యునెస్కో 2009లో దాన్ని ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది. అంటే సాఅమ్ పుట్టే నాటికి కొరియాలో వైద్యం చైనా నుంచి తెచ్చుకున్న దశ దాటి సొంత కాళ్ల మీద నిలబడుతోంది.

ఈ పద్ధతి చాలాకాలం కొద్దిమంది చేతుల్లోనే ఉండిపోయింది. 1980లలో కిమ్ హాంగ్-గ్యాంగ్ అనే వైద్యుడు విద్యార్థులకు విస్తృతంగా బోధించాక మళ్లీ వాడకం పెరిగింది. నేడు కొరియాలో సంప్రదాయ వైద్యులు ఆరేళ్ల కోర్సు చదివి, ప్రభుత్వ పరీక్ష రాసి లైసెన్సు తీసుకుంటారు. అక్యుపంక్చర్‌కు అక్కడి జాతీయ ఆరోగ్య బీమా 1987 నుంచి వర్తిస్తోంది. సాఅమ్‌ను ఎక్కువగా వాడేది ఈ చదువు చదివినవాళ్లే. మన దగ్గర వారాంతపు వర్క్‌షాపులో నేర్చుకున్నవారితో వాళ్లను పోల్చేటప్పుడు ఈ తేడా గుర్తుండాలి.

నాలుగు సూదుల లెక్క

మామూలు అక్యుపంక్చర్‌లో నొప్పి ఉన్నచోట కూడా సూదులు వేస్తారు. మెడ నొప్పికి మెడలో, నడుము నొప్పికి నడుములో. పది, పదిహేను సూదులు వేయడం సాధారణం. సాఅమ్‌లో లెక్క వేరు. నొప్పి ఎక్కడుందనే దానికంటే, ఏ నాడి బలహీనపడింది, ఏది మితిమీరింది అన్నది చూస్తారు. సంప్రదాయం ప్రకారం ఇలాంటి నాడులు 12. ఊపిరితిత్తులు, పెద్దపేగు, జీర్ణకోశం, ప్లీహం, గుండె, మూత్రపిండాలు, కాలేయం, పిత్తాశయం వంటి పేర్లు వాటికి పెట్టారు. వీటిని ల్యాబ్ రిపోర్టులోని అవయవాలతో కలిపి చూడకూడదు. ‘కిడ్నీ నాడి బలహీనం’ అని అక్యుపంక్చరిస్ట్ అంటే కిడ్నీ పాడైందని అర్థం కాదు. ఈ ఒక్క మాట తెలియక భయపడిపోయేవాళ్లు, అనవసరంగా స్కానింగులకు పరిగెత్తేవాళ్లు ఉంటారు.

ప్రతి నాడికీ ఒక మూలకం ఉంటుంది: చెక్క, నిప్పు, మట్టి, లోహం, నీరు. వీటి మధ్య రెండు వరుసలు. ఒకటి తల్లీబిడ్డల వరుస: చెక్క నిప్పును పుట్టిస్తుంది, నిప్పు మట్టిని, మట్టి లోహాన్ని, లోహం నీటిని, నీరు మళ్లీ చెక్కను. రెండోది అదుపు వరుస: నీరు నిప్పును ఆర్పుతుంది, నిప్పు లోహాన్ని కరిగిస్తుంది, లోహం చెక్కను నరుకుతుంది, చెక్క మట్టిని చీలుస్తుంది, మట్టి నీటికి కట్ట వేస్తుంది.

బలహీనపడితే తల్లికి బలం ఇవ్వు, మితిమీరితే బిడ్డ ద్వారా తగ్గించు అన్న సూత్రం చైనా పాత గ్రంథం ‘నాన్‌జింగ్’లోనే ఉంది. సాఅమ్ చేసిన కొత్త పని, దానికి అదుపు వరుసను కూడా కలపడం. బలహీనపడిన నాడికి తల్లి నుంచి జమ చేయిస్తూ, అదే సమయంలో దాన్ని అణచిపెట్టే నాడి వైపు ఖర్చు తగ్గించడం. రెండు సూదులు జమకు, రెండు సూదులు ఖర్చుకు. అలా నాలుగు.

ఊపిరితిత్తుల నాడి బలహీనపడిందనుకుందాం. దాని మూలకం లోహం. లోహానికి తల్లి మట్టి, అదుపు చేసేది నిప్పు. అప్పుడు సూదులు ఇలా పడతాయి.

– బలం ఇచ్చేవి: మణికట్టు మడత మీద బొటనవేలి వైపున ఉన్న ఎల్‌యూ 9, కాలి బొటనవేలి కీలు వెనక పాదం లోపలి అంచున ఉన్న ఎస్‌పీ 3.
– తగ్గించేవి: అరచేతిలో బొటనవేలి దిబ్బ అంచున ఉన్న ఎల్‌యూ 10, పిడికిలి బిగిస్తే చిటికెనవేలి కొన తగిలే చోట ఉన్న హెచ్‌టీ 8.

మూత్రపిండాల నాడికైతే మూలకం నీరు. తల్లి లోహం, అదుపు చేసేది మట్టి.

– బలం ఇచ్చేవి: కాలి మడమ లోపలి ఎముకకు రెండు బొటనవేళ్ల వెడల్పు పైన ఉన్న కేఐ 7, మణికట్టు మడతకు ఒక బొటనవేలి వెడల్పు పైన ఉన్న ఎల్‌యూ 8.
– తగ్గించేవి: లోపలి మడమ ఎముకకు, వెనక నరానికి మధ్యన ఉన్న కేఐ 3, పైన చెప్పిన ఎస్‌పీ 3.

గమనిస్తే ఎస్‌పీ 3 రెండింటిలోనూ ఉంది. మొదటి దాంట్లో దానికి బలం ఇస్తారు, రెండో దాంట్లో తగ్గిస్తారు. చోటు అదే, సూది అదే, చేసే పని తలకిందులు. కాబట్టి ఫోనులో బొమ్మ చూసి బిందువు గుర్తుపట్టినంత మాత్రాన సాఅమ్ వచ్చేసినట్టు కాదు. ఏ నాడిని ఎంచుకోవాలి, సూదిని ఎటు తిప్పాలి అన్నదే అసలు విద్య.

ఒక్కో నాడికి ఇలాంటి జట్లు నాలుగేసి ఉంటాయి: బలం ఇచ్చేది, మితిమీరినదాన్ని తగ్గించేది, చల్లబరిచేది, వేడి చేసేది. 12 నాడులకు మొత్తం 48 జట్లు. పద్ధతి మొత్తం ఈ 48లో ఇమిడిపోతుంది కాబట్టే చిన్నదిగా కనిపిస్తుంది. ఎంచుకోవడంలో మాత్రం ఏళ్ల అనుభవం కావాలంటారు.

మిజాజ్ తెలిసినవాళ్లకు కొత్త కాదు

యునానీ హకీం దగ్గరికి వెళ్లినవాళ్లకు గర్మ్, సర్ద్, తర్, ఖుష్క్ మాటలు తెలుసు. ఒంటి మిజాజ్ వేడిదా చల్లనిదా, తడిదా పొడిదా అని చూసి దానికి విరుద్ధమైన గుణంతో సరిచేయడం యునానీ దారి. సాఅమ్ కూడా ఆ దారికి దగ్గరగానే నడుస్తుంది. చలి, వేడి, తడి, పొడి, గాలి వంటి గుణాలతో నాడులను చూస్తారు. ఉదాహరణకు ప్లీహం నాడిని తడి గుణంతో, పెద్దపేగు నాడిని పొడి గుణంతో ముడిపెడతారు. శరీరం బరువెక్కి, నీరు పట్టి, బద్ధకంగా ఉన్న మనిషికి పొడి గుణం ఉన్న నాడిని బలపరచడం ఒక ఆలోచన.

పోలిక అక్కడితో ఆపాలి. యునానీలో హిజామా, ఫస్ద్ రక్తాన్ని బయటికి తీసే చికిత్సలు. సాఅమ్‌లో రక్తం తీయరు. హిజామా చేయడం వచ్చినంత మాత్రాన సూదులు వేయడం వచ్చినట్టు కాదు, సూదులు వచ్చినవారికి హిజామా వచ్చినట్టూ కాదు. ఎర్రగడ్డలో కేంద్ర ప్రభుత్వ యునానీ పరిశోధన సంస్థ ఉంది, బోరబండ నుంచి ఆటో దూరమే. యునానీ సలహా కావాలనుకునేవాళ్లు అర్హత ఉన్న వైద్యులను అక్కడే కలవవచ్చు.

ఎప్పుడు వాడతారు

సాఅమ్ నేర్చిన వైద్యులు దీన్ని సాధారణంగా ఇలాంటి సందర్భాల్లో ఎంచుకుంటారు.

నొప్పి ఉన్నచోట సూది వేయడం కుదరనప్పుడు: భుజం ముట్టుకుంటేనే అరిచేంత నొప్పి ఉన్నా, చర్మం మీద పుండ్లు, కాలిన గాయం ఉన్నా, ప్లాస్టర్ కట్టు ఉన్నా దూరంగా ఉన్న బిందువులు పనికొస్తాయి. తరచుగా నొప్పి లేని వైపు చేతికి, కాలికి వేసి, నొప్పి ఉన్న భాగాన్ని మెల్లగా కదపమంటారు.

పాత నడుము నొప్పితో పాటు నీరసం ఉన్నప్పుడు: మూత్రపిండాల నాడికి బలం ఇచ్చే జట్టు ఇక్కడ ప్రసిద్ధం.

భయం, కంగారు, నిద్ర పట్టకపోవడం: పిత్తాశయ నాడికి బలం ఇచ్చే జట్టు వాడతారు. బీఎల్ 66, జీబీ 43లకు బలం ఇచ్చి, ఎల్ఐ 1, జీబీ 44లను తగ్గిస్తారు. వీటిలో మూడు కాలి వేళ్ల దగ్గర, ఒకటి చూపుడువేలి గోరు మూల దగ్గర ఉంటాయి.

తిన్నది అరగక, పని ఎక్కువై ఒళ్లు బరువెక్కినప్పుడు: ప్లీహం నాడికి బలం ఇచ్చే జట్టు.

సూదులంటే భయపడేవాళ్లకు: నాలుగే కాబట్టి ఒప్పించడం సులువు.

దుస్తులు తీయడం ఇబ్బంది అయినవాళ్లకు: దీన్ని చిన్న విషయంగా తీసేయకూడదు. నడుము నొప్పికి వీపు మీద చికిత్స అంటే పర్దా పాటించే ఆడవాళ్లు చాలామంది నొప్పినే భరిస్తారు తప్ప క్లినిక్ మెట్లెక్కరు. సాఅమ్‌లో చెయ్యీ కాలూ చాలు. స్లీవ్ కాస్త పైకి, షల్వార్ కాస్త పైకి అంటే సరిపోతుంది. అయినా మహిళా థెరపిస్ట్ కావాలని అడగడం, ఇంట్లోవాళ్లు పక్కన ఉండాలని కోరడం పేషెంట్ హక్కు. కుదరదన్న చోట చికిత్స చేయించుకోవాల్సిన అవసరం లేదు.

ఎలా వేస్తారు

మొదట ప్రశ్నలు. నొప్పి ఎప్పటి నుంచి, చలికి పెరుగుతుందా వేడికి పెరుగుతుందా, దాహం, ఆకలి, విరేచనం, నిద్ర, నెలసరి. తర్వాత నాడి పట్టి చూడటం, నాలుక చూడటం, పొట్ట నొక్కి చూడటం. ఈ అడగడం లేకుండా నేరుగా సూది తీసేవారు సాఅమ్ చేస్తున్నారని అనుకోవడం కష్టం, ఎందుకంటే 48లో ఏది ఎంచుకోవాలో ఆ ప్రశ్నల్లోనే తేలుతుంది.

సూది వెంట్రుక కంటే కొంచెం మందం, పావు మిల్లీమీటరు లేదా అంతకు తక్కువ. లోపల బోలు ఉండదు, మందు ఎక్కించరు. లోతు చోటును బట్టి కొన్ని మిల్లీమీటర్లే, గోరు మూలల దగ్గర ఇంకా తక్కువ. వేసినప్పుడు చీమ కుట్టినట్టు, తర్వాత బరువుగా, లాగినట్టు, తిమ్మిరిగా అనిపించడం మామూలే. కరెంటు కొట్టినట్టు జిల్లుమంటే వెంటనే చెప్పాలి, సూది నరానికి తగిలి ఉండొచ్చు.

బలం ఇవ్వాలంటే నాడి ప్రవాహం దిశలో సూది వాలుస్తారు. తగ్గించాలంటే ఎదురు దిశలో. ఊపిరి వదిలేటప్పుడు వేసి పీల్చేటప్పుడు తీస్తే బలం, పీల్చేటప్పుడు వేసి వదిలేటప్పుడు తీస్తే తగ్గింపు అన్నది పాత నియమం. తిప్పడానికీ లెక్క ఉంది: బలానికి తొమ్మిది, తగ్గించడానికి ఆరు. సూదులు ఇరవై, ముప్పై నిమిషాలు ఉంచడం సాధారణం. మామూలుగా ఒక వైపే వేస్తారు.

తప్పు జట్టు ఎంచుకుంటే ఏమవుతుంది? మంచి వైద్యులు విడత మధ్యలోనే మళ్లీ నాడి చూస్తారు, నొప్పి ఎలా ఉందని అడుగుతారు. ఇబ్బంది పెరిగితే సూదులు తీసేస్తారు. ‘పెరిగితే మంచిదే, విషం బయటికి పోతోంది’ అనే సమాధానం వస్తే జాగ్రత్త పడాలి.

ఆధారాలు ఎంతవరకు ఉన్నాయి

అక్యుపంక్చర్ మొత్తం మీద చూస్తే, కొన్ని సమస్యలకు ప్రయోజనం కనిపించింది, కొన్నింటికి లేదు. మైగ్రేన్ తరచుగా రాకుండా ఉండేందుకు, ఒత్తిడి తలనొప్పికి ఉపయోగపడవచ్చని 2016 నాటి కాక్రేన్ సమీక్షలు చెప్పాయి. బ్రిటన్ ప్రభుత్వ వైద్య మార్గదర్శక సంస్థ నైస్ 2021లో, వేరే కారణం దొరకని దీర్ఘకాలిక నొప్పికి అక్యుపంక్చర్ ఒక విడత పరిశీలించవచ్చంది. అదే నైస్ 2016లో నడుము నొప్పికి మాత్రం ఇవ్వొద్దని రాసింది. ఒకే సంస్థ, రెండు సమాధానాలు. అంటే ‘అక్యుపంక్చర్ పనిచేస్తుందా’ అన్నది సగం ప్రశ్నే. దేనికి అన్నది కలిస్తేనే అది పూర్తి ప్రశ్న.

చేతి పద్ధతి విషయంలో తరచుగా ప్రస్తావించే అధ్యయనం ఒకటుంది. మెల్లకన్ను ఆపరేషన్ చేసిన పిల్లల చేతివేళ్ల మీద కొరియన్ బిందువు దగ్గర చిన్న బిళ్ల అంటించి నొక్కితే వాంతులు తగ్గాయని 2000లో ‘బ్రిటిష్ జర్నల్ ఆఫ్ అనస్థీషియా’లో వచ్చింది. మంచి ఫలితమే, కానీ అది ఆపరేషన్ తర్వాతి వాంతుల గురించి. దాన్ని చూపించి షుగర్ తగ్గిస్తామనడం కుదరదు.

సాఅమ్ మీద జరిగిన అధ్యయనాలు ఎక్కువగా కొరియావే, ఎక్కువగా చిన్నవే. అందుకే నొప్పికి, నిద్రకు డాక్టరు చికిత్సతో పాటు తోడుగా వాడుకునే పద్ధతిగానే దీన్ని చూడాలి. షుగర్, బీపీ, థైరాయిడ్, కేన్సర్ నయం చేస్తామని, మందులు ఆపేయమని చెప్పేవారి దగ్గర ఆగకూడదు. ఇన్సులిన్ ఆపినవాళ్లు ఐసీయూలో తేలే ప్రమాదం నిజమైనది.

ఎవరు ఆగాలి, ఎవరు జాగ్రత్త పడాలి

షుగర్ ఉన్నవాళ్లు: సాఅమ్ సూదులు ఎక్కువగా పాదాలకు, కాలివేళ్లకు పడతాయి. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లకు అక్కడ చిన్న గాయమైనా తెలియదు, తొందరగా మానదు. పాదంలో పుండు, మొద్దుబారడం ఉంటే కాళ్లకు సూదులు వద్దని ముందే చెప్పాలి.

రక్తం పలుచబడే మందులు వాడేవాళ్లు, రక్తం గడ్డకట్టని జబ్బు ఉన్నవాళ్లు: డాక్టరును అడగకుండా వద్దు.

గర్భిణులు: చిటికెన కాలివేలి గోరు మూలన ఉన్న బీఎల్ 67 వంటి కొన్ని బిందువులను గర్భంతో ఉన్నప్పుడు సంప్రదాయమే వద్దంటుంది. మూత్రాశయ నాడికి బలం ఇచ్చే సాఅమ్ జట్టులో ఆ బిందువు ఉంది. నెల తప్పిందన్న అనుమానం ఉన్నా చెప్పాలి.

పేస్‌మేకర్ ఉన్నవాళ్లు: సూదులకు కరెంటు పెట్టే పద్ధతి వద్దు.

ఖాళీ కడుపుతో, అలసటతో వచ్చినవాళ్లు: కళ్లు తిరిగి పడిపోవచ్చు. పడుకోబెట్టి వేయమని అడగాలి.

సాఅమ్‌లో ఛాతీ మీద, వీపు మీద సూదులు లేవు కాబట్టి ఊపిరితిత్తికి చిల్లుపడే ప్రమాదం ఉండదు. ఇది దీనికున్న పెద్ద మేలు. అయితే ఇన్ఫెక్షన్ ప్రమాదం ఏ పద్ధతికైనా ఒకటే. వాడిన సూది మళ్లీ వాడితే హెపటైటిస్ బి, సి, హెచ్ఐవీ ఒకరి నుంచి ఒకరికి పాకుతాయి.

ఇంకో మాట. పాత సాఅమ్ పుస్తకంలో పక్షవాతానికీ అధ్యాయం ఉంది. అది 17వ శతాబ్దం. ఇప్పుడు మూతి వంకర పోయినా, ఒకవైపు చెయ్యీ కాలూ పడిపోయినా, మాట తడబడినా 108కు ఫోన్ చేయాలి. గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు సమయం నాలుగున్నర గంటలే. ఛాతీ నొప్పి, నడుము నొప్పితో పాటు మూత్రం మీద పట్టు తప్పడం, జ్వరంతో మెడ బిగుసుకుపోవడం కూడా ఆస్పత్రి కేసులే, సూదుల కేసులు కావు.

మన దేశంలో చట్టం ఏమంటుంది

1938లో చైనాకు వెళ్లిన భారత వైద్య బృందంలో డాక్టర్ ద్వారకానాథ్ కోట్నిస్‌తో పాటు డాక్టర్ బిజయ్ కుమార్ బసు కూడా ఉన్నారు. ఆయన మళ్లీ చైనా వెళ్లి నేర్చుకుని 1959లో కోల్‌కతాలో అక్యుపంక్చర్ మొదలుపెట్టారు. మన దేశంలో ఈ వైద్యానికి అదే నాంది.

కేంద్ర ఆరోగ్య శాఖ 2003 నవంబరులో అక్యుపంక్చర్‌ను ఒక చికిత్సా విధానంగా గుర్తించింది. రిజిస్టర్డ్ వైద్యులు గానీ, తగిన శిక్షణ పొందినవారు గానీ చేయవచ్చంది. 2019 ఫిబ్రవరిలో దాన్ని స్వతంత్ర వైద్య పద్ధతిగా గుర్తిస్తూ ఉత్తర్వు వచ్చింది. పశ్చిమ బెంగాల్, మహారాష్ట్ర ప్రత్యేక చట్టాలు చేసుకున్నాయి.

సాఅమ్‌కు, సుజోక్‌కు విడిగా గుర్తింపు అనేది వీటిలో లేదు. ‘గవర్నమెంట్ గుర్తింపు ఉంది’ అని ఎవరైనా అంటే అది అక్యుపంక్చర్‌కు ఉన్న గుర్తింపు, గోడ మీద వేలాడే ప్రతి సర్టిఫికెట్‌కు కాదు.

డబ్బు కట్టే ముందు ఏడు ప్రశ్నలు

1. ఏ పద్ధతి చేస్తారు? సాఅమా, కొర్యోనా, సుజోకా?
2. మూల చదువు ఏమిటి, సూదుల శిక్షణ ఎక్కడ, ఎన్ని నెలలు?
3. సూదుల ప్యాకెట్ నా ముందే చించుతారా? గడువు తేదీ చూపిస్తారా?
4. వాడిన సూదులు ఎక్కడ వేస్తారు? 2016 జీవ వైద్య వ్యర్థాల నిబంధనల ప్రకారం వాటిని గుచ్చుకోని గట్టి తెల్ల డబ్బాలో వేయాలి. మామూలు చెత్తబుట్టలో వేస్తే రేపు పొద్దున గుచ్చుకునేది చెత్త ఎత్తే కార్మికుడి చేతికి.
5. ఎన్ని విడతలు? ఎన్నో విడతకు తేడా తెలియాలి? తెలియకపోతే ఆపేస్తారా?
6. ప్యాకేజీ మొత్తం ముందే కట్టాలా? మధ్యలో ఆపితే మిగతా డబ్బు తిరిగి ఇస్తారా? రసీదు ఇస్తారా?
7. నేను వాడే మందుల చీటీ చూస్తారా?

ఖర్చు లెక్క వేసేటప్పుడు ఫీజు ఒక్కటే చూడకూడదు. ఫీజు, రానుపోను ఆటో, ఆ పూట పోయిన కూలి లేదా క్యాబ్ ట్రిప్పులు కలిపి, దాన్ని విడతల సంఖ్యతో గుణించాలి. రోజు కూలీకి పది విడతలంటే పది సగం రోజులు. నాలుగైదు విడతలకు ఏ తేడా లేకపోతే అక్కడే ఆపడం మేలు. ‘ఇంకో పది కట్టండి’ అన్న మాట విని అప్పు చేయాల్సిన జబ్బు కాదిది. నొప్పికి కారణం తెలుసుకోవాలంటే ముందుగా బస్తీ దవాఖానాలో చూపించుకోవచ్చు. ఈఎస్ఐ కార్డు ఉన్నవాళ్లకు సనత్‌నగర్ ఈఎస్ఐ ఆస్పత్రి దగ్గరే.

రోజాలో వేయించుకోవచ్చా

రంజాన్‌లో ఈ ప్రశ్న వస్తూనే ఉంటుంది. అక్యుపంక్చర్ సూది ద్వారా మందు గానీ ఆహారం గానీ లోపలికి వెళ్లదు. నోరు, ముక్కు వంటి సహజ దారుల గుండా కడుపులోకి ఏదైనా చేరితేనే రోజా పోతుందన్నది హనఫీ ఫిఖ్‌లో ఉన్న సూత్రం. హిజామా విషయంలో కూడా హనఫీ, మాలికీ, షాఫయీ మజ్హబ్‌లు రోజా విరగదంటాయి, హంబలీ మజ్హబ్ విరుగుతుందంటుంది. నీరసం తెచ్చే పని అయితే రోజాలో ఇష్టం కానిదిగా చూస్తారు. సందేహం ఉన్నవాళ్లు తమ మసీదు ఇమామ్‌నో, ముఫ్తీ సాహెబ్‌నో అడగాలి. వైద్యపరంగా చూస్తే ఖాళీ కడుపుతో కళ్లు తిరిగే అవకాశం ఎక్కువ కాబట్టి ఇఫ్తార్ తర్వాత, మగ్రిబ్‌కూ ఇషాకూ మధ్య గానీ తరావీ తర్వాత గానీ పెట్టుకోవడం మంచిది.

ఇంట్లో చేసుకోవచ్చా

సూదులు ఇంట్లో వద్దు. ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి కదా అని తెప్పించి పిల్లల మీద, పెద్దల మీద ప్రయత్నించడం ప్రమాదం. సుజోక్ ఉంగరంతో వేళ్లు రుద్దుకోవడం, మెంతి గింజ అంటించి నొక్కుకోవడం వల్ల పెద్దగా హాని లేదు. అయినా గింజలు చిన్నపిల్లల చేతికి అందకూడదు, ముక్కులో చెవిలో పెట్టుకుంటారు. షుగర్ ఉన్నవాళ్లు గింజను రాత్రంతా ఉంచితే చర్మం ఒరుసుకుని పుండు పడవచ్చు.

కంప్యూటర్ పనివాళ్లకూ, కుట్టుపనివాళ్లకూ, డ్రైవర్లకూ అక్యుపంక్చరిస్టులు, ఫిజియోథెరపిస్టులు, డాక్టర్లు అందరూ ఒప్పుకునే సలహా ఒకటుంది: గంటకోసారి లేచి నిలబడండి, మెడ భుజాలు తిప్పండి, కుర్చీ ఎత్తు సరిచూసుకోండి. రోజంతా వంగిన మెడను ఇరవై నిమిషాల సూదులతో నిలబెట్టడం కొరియన్లకూ సాధ్యం కాదు.